చేపల ఫ్రిజ్‌లో పెట్టిన డబ్బా

నా నోటుపుస్తకంలో ఆ పేజీ మీద ఇరవై మూడు వస్తువుల పేర్లున్నాయి. వినాయక చవితి వెళ్లిన మూడో రోజున, మధ్యాహ్నం భోజనాలయ్యాక, మా భోజనాల బల్ల దగ్గర కూర్చుని రాశాను. ఎదుటి కుర్చీలో ఎదురింటావిడ. నేను ఒక్కొక్కటే పైకి చదువుతుంటే ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ తలూపింది. జాలీ గుడ్డ, చెక్క ఫ్రేము, మేకులు, రంగు లాగే రబ్బరు చెక్క, ఎమల్షన్, అందులో కలిపే పొడి, అద్దం, స్పాంజి, నల్లకాగితం, కొలత గ్లాసు. ఇరవై మూడోది రాయబోతుంటే ఆపింది.

"ఓపిక అని రాసీ వదినా. అదొక్కటే మన కాడ నేనిది."

ఇద్దరం నవ్వుకున్నాం. ఇరవై మూడోది నిజానికి బ్లీచింగ్ పౌడరు.

ఇంట్లోనే స్క్రీన్ ప్రింటింగ్ చేద్దామని అనుకున్నాం. చెక్క ఫ్రేముకి సన్నటి జాలీ గుడ్డ బిగించి, దాని మీద ఎమల్షన్ అనే మందు పూసి ఆరబెట్టాలి. బొమ్మ ఉన్న ఫిల్ము దాని మీద పెట్టి ఎండ చూపించాలి. ఎండ తగిలినచోట మందు గట్టిపడుతుంది. బొమ్మ నీడ పడినచోట గట్టిపడదు, నీళ్లు పోస్తే కరిగి పోతుంది. అలా తెరుచుకున్న రంధ్రాల్లోంచి రంగు లాగితే కింద గుడ్డ మీద బొమ్మ పడుతుంది. గుడ్డ సంచుల మీద మా అమ్మ నేర్పిన మెలికల ముగ్గు వెయ్యాలని నా కోరిక. పదమూడు చుక్కలు, సందు చుక్కలు ఏడు వరకు. మొత్తం నూట ఇరవై ఏడు చుక్కలు, వాటన్నిటినీ చుట్టివచ్చే ఒకే గీత.

నేను ఓడలు బాగుచేసే ఒక యార్డులో, స్టోర్సులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. నట్టు దగ్గర్నుంచి లంగరు గొలుసు దాకా నా కార్డుల మీద నడిచాయి. అరలో ఉన్నదీ కార్డు మీద ఉన్నదీ నెలాఖరుకి ఒకటి కావాలి, కాకపోతే ఆ రోజు నాకు అన్నం దిగేది కాదు. పెళ్లయి గోదావరి వైపు నుంచి వైజాగు వచ్చాను. మావారు పోయి తొమ్మిదేళ్లు. ఎదురింటావిడది విజయనగరం దగ్గర పల్లె, నాకంటే ఆరేళ్లు చిన్న. వాళ్లాయన ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన నన్ను చెల్లెమ్మా అంటాడు, కాబట్టి ఆవిడకి నేను వదిన, నాకు ఆవిడ మరదలు. మల్కాపురంలో ఎదురెదురు ఫ్లాట్లలో ఇరవై ఆరేళ్లుగా ఉన్నాం. రోజుకి ఒక్కసారైనా ఆవిడ గొంతు వినకపోతే నాకు ఆ రోజు రాసుకోవడానికి ఏమీ ఉండదు. నిజం చెప్పాలంటే సంచుల మీద నాకున్న మోజు సగమే. మిగిలిన సగం, పొద్దున్నే ఇద్దరం కలిసి చెయ్యడానికి ఒక పని ఉండాలన్నది. ఈ వయసులో నాకు మనిషి అంటూ మిగిలింది ఆవిడే.

సామాన్ల కోసం పూర్ణా మార్కెట్ వైపు వెళ్లడం మొదలుపెట్టాం. జాలీ గుడ్డ అమ్మే కొట్టువాడు మమ్మల్ని కిందనుంచి పైదాకా చూసి, "ఏటమ్మా, ప్రెస్సు పెడతన్నారేటి?" అన్నాడు.

"మరేటి బాబూ, నీ కొట్టు ముయ్యించీదామని," అంది మరదలు.

అంగుళానికి నూట ఇరవై రంధ్రాల గుడ్డ కావాలన్నాను. ఇచ్చాడు. నా దగ్గర మావారి భూతద్దం ఉంది. చిన్న స్కేలు పెట్టి ఒక అంగుళంలో దారాలు లెక్కపెట్టాను. తొంభై దగ్గర ఆగిపోయింది. గుడ్డ మడిచి వెనక్కిచ్చాను. కొట్టువాడు నా వంక కాదు, మరదలి వంక చూశాడు. ఆవిడ నుదురు కొట్టుకుని, "నాను ఆవిడితో ఇరవయ్యారేళ్ల నుంచీ కాపరం సేత్తన్నాను బాబూ, నీకు ఒక్క పూటే కదా," అంది. మూడో వారానికి అసలైన గుడ్డ తెప్పించాడు.

ఫ్రేము గాజువాకలో ఒక వడ్రంగి దగ్గర చేయించాం. పద్దెనిమిది అంగుళాలు అడ్డం, ఇరవై నాలుగు నిలువు. మూల నుంచి మూలకి కొలిస్తే ముప్పై రావాలి, రెండు వైపులా. మొదటి ఫ్రేము ఒక వైపు ముప్పై, రెండో వైపు ముప్పై పావు వచ్చింది. తిప్పి పంపాను. రెండోది తడిచెక్కతో చేశాడు, పది రోజుల్లో వంకర తిరిగింది. అదీ తిప్పి పంపాను. మరదలు ఆటోలో ఆ ఫ్రేము ఒళ్లో పెట్టుకుని, "దేవుడి మందసమేటి వదినా ఇది? సంచికి సెక్క!" అని గొణిగింది. అయినా మోసింది. మూడోది సరిపోయింది.

అద్దం మా పాత షోకేసు తలుపుది. స్పాంజి వాళ్ల సోఫా దిండుది. రంగు లాగే రబ్బరు చెక్క అంచు వేలితో తడిమి చూసి నాలుగో కొట్టులో తీసుకున్నాం. నల్లకాగితం ఫొటోస్టాట్ కొట్టు కుర్రవాడు ఊరికే ఇచ్చాడు. ఇరవై మూడు వస్తువులకీ ఎదురుగా టిక్కు పడేసరికి శివరాత్రి వచ్చింది. నూట అరవై ఎనిమిది రోజులు పట్టింది. ఇప్పుడు ఆ అంకె చూస్తే ఎక్కువే అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు. ఆ నూట అరవై ఎనిమిది రోజుల్లో మేమిద్దరం కలిసి యాభై మూడుసార్లు బయటికి వెళ్లాం. మార్కెట్లో నిలబడి చెరుకురసం తాగాం. ఏ వస్తువు కోసం ఏ రోజు వెళ్లామో అన్నీ రాసి ఉన్నాయి.

ఎమల్షన్ దగ్గర చిన్న చిక్కు వచ్చింది. లోపలిది బయటికి కనిపించే లీటరు ప్లాస్టిక్ డబ్బా, మందు చిక్కటి పెరుగులా నీలిరంగులో ఉంటుంది. తెరిచాక చల్లగా ఉంచాలి. మా ఫ్రిజ్‌లో పాలు, పెరుగు, దేవుడికి పెట్టే నైవేద్యం ఉంటాయి. వాటి పక్కన మందు డబ్బా పెట్టడానికి నాకు మనసొప్పలేదు. ఎదురింట్లో రెండు ఫ్రిజ్‌లున్నాయి. కొత్తది వంటింట్లో, పాతది బాల్కనీలో. పాతది చేపలకే. వాళ్లాయన వారానికోసారి జాలరిపేట వెళ్లి వంజరమో చందువానో తెచ్చి అందులో పెట్టుకుంటాడు.

"సేపల పక్కన పెట్టీనా?" అంది.

"పెట్టు. మందే కదా, దానికేం తెలుసు."

అలా ఆ డబ్బా ఆవిడ ఫ్రిజ్‌లోకి వెళ్లింది. నేను పుట్టి బుద్ధెరిగి చేప ముట్టలేదు, చేప పెట్టిన పాత్రా ముట్టలేదు. ఆ ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి వెయ్యలేదు ఎప్పుడూ. అవసరమైనప్పుడు ఆవిడే డబ్బా తీసి, వాళ్లింట్లోనే కొలత గ్లాసులో నలభై మిల్లీలీటర్లు పోసి, మా గుమ్మం దాకా తెచ్చి ఇచ్చేది. మూత మొదట తీసింది కూడా ఆవిడే. ఆవిడ హస్తవాసి మంచిదని నాకు గట్టి నమ్మకం. మా ఇంట్లో కొత్త బియ్యం బస్తా ముడి విప్పినా, కొత్త పచ్చడి జాడీ తెరిచినా ఆవిడ చేతే. నేను చేసింది ఒక్కటే. ఫ్రిజ్‌లోకి వెళ్లకముందు, స్టోర్సు అలవాటు కొద్దీ, మందు ఎంతవరకు ఉందో డబ్బా మీద ఎర్ర మార్కరుతో గీత గీశాను. పక్కన తేదీ వేశాను. అంతే. ముప్పై ఒక్క ఏళ్లు ఏ అరనీ చూడకుండా సంతకం పెట్టని దాన్ని, ఆ ఒక్క అరనీ వదిలేశాను. చేపల ఫ్రిజ్ కాబట్టి, ఆవిడ చెయ్యి కాబట్టి.

మొదటి స్క్రీను ఫాల్గుణంలో చేశాం. చీకటికోసం సామాన్ల గది కిటికీకి నల్లకాగితం అంటించాను. ఓడరేవు బొగ్గుకుప్పల వైపు నుంచి గాలి వీస్తే కిటికీ గూట్లో నల్లటి పొడి పేరుకుంటుంది, అది తడి మందు మీద పడితే రంధ్రాలు పడతాయి, అందుకని మూడుసార్లు తడిగుడ్డతో తుడిచాను. డాబా మీద ఎండలో రెండున్నర నిమిషాలు. కిందికి తెచ్చి బాత్రూములో నిలబెట్టి నీళ్లు పోస్తే ముగ్గు నెమ్మదిగా తెరుచుకుంది. గీత ఎక్కడా తెగలేదు. అంచులు కత్తితో కోసినట్టున్నాయి. మరదలు చప్పట్లు కొట్టింది.

అప్పుడు నేను చుక్కలు లెక్కపెట్టాను. ఎడమ అంచున, కింద నుంచి నాలుగో వరసలో ఒక చుక్క బయటే ఉండిపోయింది. గీత దాన్ని చుట్టకుండా వెళ్లిపోయింది. తప్పు నాదే, ఫిల్ము కోసం ముగ్గు గీసినప్పుడు వదిలేశాను.

"కడిగేద్దాం," అన్నాను.

"ఓలమ్మో, ఏటి కడిగీడం?"

"ఒక చుక్క తప్పింది."

"నూటిరవై సుక్కల్లో ఒక్క సుక్క. ఎవలు సూత్తారు వదినా?"

"నేను చూశాను కదే."

 ఆవిడ బ్లీచింగ్ పౌడరు తనే కలిపి, బ్రష్‌తో రుద్ది, ఆ స్క్రీను కడిగేసింది. తప్పు ఫిల్ము చింపి పారెయ్యమని ఇచ్చాను. మర్నాడు అడిగితే పారేశానంది. నేను కొత్తగా ముగ్గు గీసి, రెండుసార్లు సరిచూసి, రెండో ఫిల్ము తీయించాను.

ఆ తర్వాత ఏ స్క్రీనూ నిలవలేదు.

రెండోది ఎండలో రెండున్నర నిమిషాలు. నీళ్లు పొయ్యగానే ముగ్గుతో పాటు చుట్టూ ఉన్న మందు కూడా పొరలు పొరలుగా జారిపోయింది. మూడోదానికి మూడు నిమిషాలు చూపించాను, అదీ అంతే. ఎండ మబ్బుపట్టిందేమో అని నాలుగోది మిట్టమధ్యాహ్నం చేశాను. అప్పుడే వైజాగులో డాబా మీద పాదం పెట్టలేనంత వేడి. నాలుగోదీ పోయింది. సముద్రపు తేమ వల్ల మందు లోపల ఆరలేదేమోనని అయిదోదాన్ని రెండు రోజులు ఫ్యాను కింద ఉంచాను. ఆరోదానికి కుళాయి నీళ్లు మాని తాగే నీళ్లు పోశాను. ఏడోదానికి పొడి కొత్తది తెచ్చాను. ఒకసారికి ఒకటే మార్చాలి, రెండు మారిస్తే ఏది కారణమో తెలియదు. అన్నీ రాశాను. ఎండ, గడియారం, గాలి వచ్చే వైపు, నీళ్లు, పొడి. డబ్బా గురించి ఒక్క మాట రాయలేదు.

ప్రతిసారీ మరదలు నా పక్కనే ఉంది. ఫ్రేము నేను పట్టుకుంటే మగ్గుతో నీళ్లు పోసింది ఆవిడే. మందు జారిపోతుంటే, "నీ నెక్కలకి ఎండ బయపడిపోతంది వదినా," అని నవ్వించడానికి చూసింది. ఏడోది పోయిన రోజున నవ్వించలేదు. మగ్గు బకెట్లో వేసి, చేతులు తుడుచుకుని, కూర ఉందని వెళ్లిపోయింది. వయసు మీదపడి నా చేతికే పని రావడంలేదని ఆ సాయంత్రం అనుకున్నాను. పుస్తకంలో కూడా రాశాను: "లోపం నాలోనే ఉండవచ్చు." అలాంటి వాక్యం నేను అంతకుముందు ఎప్పుడూ రాయలేదు.

దీనికి తోడు మాట ఒకటి ఇచ్చి ఉన్నాను. మా పై అంతస్తులో కొత్తగా ఫ్లాటు కొనుక్కున్నవాళ్లు వైశాఖంలో గృహప్రవేశం పెట్టుకున్నారు. వచ్చినవాళ్లకి పళ్లు, తాంబూలం పెట్టి ఇవ్వడానికి వంద సంచులు కావాలన్నారు. సంచులు కుట్టించి తెచ్చి మా హాల్లో పెట్టేశారు కూడా. ముహూర్తానికి ఇంకా పన్నెండు రోజులుంది.

ఆ రోజు మంగళవారం. రైతుబజారుకి ఒక్కదాన్నే వెళ్లాను. ఆకుకూరలమ్మే ఆవిడ చిల్లర సంచి మేకుకి తగిలించి ఉంది. దాని మీద నా ముగ్గు.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. నీలిరంగు, పదమూడు చుక్కలు, మెలికలు.

"ఆ సంచి ఎక్కడిదమ్మా?"

"ఏది, ఇదా? మా ఆడపడుసు తెచ్చింది. కూర్మన్నపాలెంలో ఏదో పేరంటంలో ఇచ్చినారంట. ఏం, బాగున్నాదేటి?"

"ఒకసారి చూడనిస్తావా?"

"తోటకూర కొంటే సూడనిత్తాను," అని నవ్వింది.

రెండు కట్టలు తీసుకున్నాను. సంచి చేతిలోకి ఇచ్చింది. ఎడమ అంచు, కింద నుంచి నాలుగో వరస. చుక్క ఒంటరిగా బయట ఉంది. అంటే ఆ సంచి, చింపి పారేశానన్న ఫిల్ముతో అచ్చువేసింది. కూర్మన్నపాలెంలో మరదలి అన్న కూతురు ఉంటుంది. ఆ పిల్ల బ్లౌజులు కుడుతుంది, చేతిపని బాగా వచ్చినది.

ఆటోలో ఇంటికి వస్తూ ఒకటే ఆలోచించాను. ఫిల్ము ఉంటే చాలదు, మందు కావాలి. ఆ మందు ఎక్కడిది?

ఇంటికి రాగానే తోటకూర బల్ల మీద పడేసి ఎదురింటి గంట కొట్టాను. వాళ్లాయన తలుపు తీశాడు.

"అది నేదు చెల్లెమ్మా. కూర్మన్నపాలెం ఎల్లింది."

"తెలుసు అన్నయ్యగారూ. ఒక్కసారి బాల్కనీ చూస్తాను."

తిన్నగా వెళ్లి చేపల ఫ్రిజ్ తలుపు తెరిచాను. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి. వాసన ముక్కు పగలగొట్టింది. ప్లాస్టిక్ సంచిలో ముక్కలు, దాని పక్కన నా డబ్బా. బయటికి తీసి వెలుతురులో పెట్టాను.

వెనక నుంచి ఆయన, "అదేటి చెల్లెమ్మా, నువ్వు ఆ ఫ్రిజ్ ముట్టుకున్నావేటి?" అన్నాడు.

"తలస్నానం చేస్తాలెండి."

మందు ఎర్రగీత దగ్గర ఉంది. సరిగ్గా గీత మీద. నేను గీసిన రోజున ఎక్కడ ఉందో అక్కడే.

ఏడు స్క్రీన్లకి నలభై చొప్పున రెండు వందల ఎనభై మిల్లీలీటర్లు మేమే వాడాం. అది గీతకి బెత్తెడు కిందికి దిగి ఉండాలి. మూత తీసి చెంచాతో ఎత్తి పోశాను. పెరుగులా జారాల్సింది పలచని మజ్జిగలా కారింది. స్టోర్సులో ఒకసారి కిరసనాయిలు పీపా ఇలాగే నీళ్లు పోసి నింపినది దొరికింది. తీసినవాడికి ఎప్పుడూ ఒకటే భయం ఉంటుంది, గీత దిగిందని ఎవరైనా అడుగుతారేమో అని. న్యాయంగా వాడినదానికి కూడా గీత దిగాలన్న సంగతి వాడికి తట్టదు. నిండుగా ఉన్న పీపాయే పట్టిస్తుంది.

డబ్బా మా ఇంటికి తెచ్చేశాను. దీపాలు పెట్టే వేళకి ఆవిడ వచ్చింది. బల్ల మీద డబ్బా చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎన్నిసార్లు తీశావే?"

"ఆరు... ఏడు. నాను నెక్కెట్టనేదు వదినా."

"నీళ్లెందుకు పోశావు?"

"నువ్వు గీత గీసినావు కదా. గీత కాడికి నేకపోతే అడుగుతావని."

"మనం వాడుకున్నది ఎక్కడికి పోతుంది? దానికైనా దిగాలి కదా."

ఆవిడ ఒక క్షణం ఆలోచించి, తెల్లబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేసింది. ఇంకో రోజైతే నేనూ నవ్వేదాన్ని. నేను నవ్వకపోవడం చూసి కుర్చీలో కూర్చుంది.

"మొదటి స్క్రీను బాగొచ్చింది వదినా," అంది నెమ్మదిగా. "ఒక్క సుక్క. ఆ ఒక్క సుక్క కోసం నా సేతే కడిగించినావు. నీ ఎనకాల ఎండల్లో తిరిగినాను, ఆ సెక్క నా ఒళ్లో పెట్టుకుని మోసినాను. ఒక్క సంచి మీద కూడా సూడకుండా సచ్చిపోతానేమో అనిపించింది. మా అన్న గుంటకి ఫిల్ము సూపిత్తే, 'అత్తా, మనం ఏసీద్దాం' అంది. ఏసీసినాం. బాగున్నాదన్నారు. ఆ ముగ్గు ఎంత బాగున్నాదో అన్నారు."

"ఎవరి ముగ్గని చెప్పావు?"

ఆవిడ చూపు డబ్బా మీది ఎర్రగీత మీదికి వెళ్లింది. 

"సెప్పనేదు," అంది.

"పోనీ. మందు తీసుకున్నావు, ఫిల్ము తీసుకున్నావు. అడిగితే ఇవ్వనా నేను? అదీ పోనీ. ఆరు స్క్రీన్లు. నా కళ్ల ముందు ఒక్కొక్కటే కొట్టుకుపోతుంటే, మగ్గుతో నీళ్లు పోసింది నువ్వు. ఎందుకు పోతోందో నీకు తెలుసు. నేను ఎండని అనుమానించాను, నీళ్లని అనుమానించాను, నన్ను అనుమానించుకున్నాను. నువ్వు పక్కనే నిలబడి ఉన్నావు."

"రోజూ సెప్పీదామనే వచ్చినాను. నువ్వేమో రాసుకుంటన్నావు. ఎండ, నిమిసం, గాలి... అంత ఇదిగా రాసుకుంటంటే నోరు రానేదు."

"ఆరుసార్లూ రాలేదా?"

"సిన్న తప్పయితే మొదటిసారే సెప్పీదాన్ని," అంది. ఏడుస్తోంది. "రెండోసారికి పెద్దదయిపోయింది."

అది నిజమేనని నాకు తెలుసు. నాకు కోపం తగ్గడానికి ఆ నిజం ఏమీ పనికిరాలేదు. వెళ్లమన్నాను. వెళ్లింది.

మర్నాడు ఒక్కదాన్నే వెళ్లి కొత్త ఎమల్షన్ డబ్బా తెచ్చుకున్నాను. దాన్ని మా ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన, రెండు కవర్లు చుట్టి పెట్టాను. ఎనిమిది రోజులు మిగిలుండగా స్క్రీను చేశాను. రెండున్నర నిమిషాలు, కుళాయి నీళ్లు, పాత పొడి. మొదటిసారికే ముగ్గు పూర్తిగా తెరుచుకుంది. నూట ఇరవై ఏడు చుక్కలూ లోపలే ఉన్నాయి. సంతోషించాల్సిన మాట. నేను బాత్రూములో ముక్కాలిపీట మీద కూర్చుని, ఆ స్క్రీను గోడకి ఆనించి చాలాసేపు చూశాను. నా చేతిలో లోపం లేదని రుజువయింది. అది రుజువైన కొద్దీ, మరదలిని ఇక నమ్మలేనన్న మరో సంగతి ఖాయమవుతూ వచ్చింది.

అచ్చు వెయ్యడం దగ్గర నేను ఆలోచించని చిక్కు వచ్చిపడింది. ఇంట్లో చేసే పనికి మనుషులు ఇద్దరు కావాలి. ఒకరు ఫ్రేముని సంచి మీద కదలకుండా రెండు చేతులతో అదిమి పట్టాలి. రెండోవారు రబ్బరు చెక్కతో రంగు లాగాలి. వెంట్రుకవాసి కదిలినా గీత రెండుగా పడుతుంది. ఫ్రేము మీద ఇటుకలు పెట్టి చూశాను. మూడు సంచులు పాడయ్యాయి. పనిమనిషిని పట్టుకోమన్నాను. ఆ పిల్ల ఫోను మోగితే చెయ్యి తీసేసింది. నాలుగోదీ పాడయింది. పై అంతస్తువాళ్లు లెక్కకి నాలుగు ఎక్కువే కుట్టించారు కాబట్టి సరిపోయింది. ఇక పాడుచెయ్యడానికి లేవు.

ముహూర్తం ఆదివారం. శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి ఎదురింటి గంట కొట్టాను. ఆవిడే తీసింది. పదిరోజుల్లో ముఖం పీక్కుపోయింది.

"వచ్చి ఫ్రేము పట్టు," అన్నాను.

చెంగు దోపుకుని వచ్చింది.

శుక్రవారం యాభై నాలుగు, శనివారం నలభై ఆరు. రెండు రోజులూ మేం మాట్లాడుకున్నవి మూడే మాటలు. దించు. పట్టు. ఎత్తు. ఆవిడ ముంజేతుల మీద నరాలు ఉబ్బేలా అదిమి పట్టింది. మధ్యలో ఒకసారి ఈగ వచ్చి ఆవిడ ముక్కు మీద వాలింది. కదల్లేదు. నేనే విదిలించాను. అలవాటు కొద్దీ చెయ్యి వెళ్లిపోయింది. ఇద్దరం ఎటో చూశాం. భోజనం వేళకి ఆవిడ వాళ్లింటికి వెళ్లి తిని వచ్చింది, నేను మా ఇంట్లో తిన్నాను. ఇరవై ఆరేళ్లలో కలిసి పనిచేసిన రోజున విడిగా తినడం అదే మొదలు.

వందలో ఒక్క గీత కూడా చెదరలేదు. నేను ప్రతి సంచినీ చూశాను, అంచు నుంచి అంచు దాకా. ఎక్కడైనా ఒకటి కదిలి ఉంటే బాగుండునని కూడా ఒక దశలో చూశాను. కదల్లేదు.

ఆఖరి సంచి తీగ మీద వేశాక ఆవిడ ఫ్రేము కడిగి, రబ్బరు చెక్క కడిగి, గుడ్డతో తుడిచి వాటి చోట్లలో పెట్టింది. నేను చెప్పనక్కర్లేదు, ఏది ఎక్కడ ఉంటుందో ఆవిడకి తెలుసు. తర్వాత తలుపు దగ్గర నిలబడి, "మరి సోమారం రానా వదినా?" అంది.

"మా తాళంచెవి ఇచ్చెయ్," అన్నాను.

మా ఇంటి రెండో తాళంచెవి మావారు పోయిన దగ్గర్నుంచీ ఆవిడ కొంగు ముడిలోనే ఉంటోంది. ఆవిడ ముడి విప్పలేదు. అలా పట్టుకునే నిలబడింది.

"పేనం మీదకి వత్తే తలుపు ఎవలు తీత్తారు వదినా?"

"తీసుకెళ్లేవాళ్లు బద్దలు కొట్టుకుంటారు."

ముడి బిగిసిపోయి ఉంది. చాలాసేపు పట్టింది. పళ్లతో లాగి విప్పింది. నేను సాయం చెయ్యలేదు. తాళంచెవి గట్టు మీద పెట్టి, చెప్పులు వేసుకోకుండానే నాలుగడుగులు నడిచి వాళ్లింట్లోకి వెళ్లింది. నేను తలుపు వేసుకున్నాను. లోపల గడియ కూడా పెట్టుకున్నాను. ఒంటరిగా ఉండే ముసలిదానివి, లోపల గడియ పెట్టకు వదినా అని తొమ్మిదేళ్లుగా ఆవిడ చెబుతూ వచ్చింది కాబట్టి అప్పటిదాకా ఎప్పుడూ పెట్టలేదు.